జాన్ ఎవాన్స్ పేరును పర్వతం నుంచి తీసేయడం న్యాయమేనా?

మైలురాయి:
కొలరాడోలోని డెన్వర్ నగరంలో నిలబడి పడమటి వైపు చూస్తే 14 వేల అడుగులు దాటిన శిఖరం ఒకటి కనిపిస్తుంది. 1895 నుంచి దాని పేరు మౌంట్ ఎవాన్స్. 2023 సెప్టెంబరులో అమెరికా భౌగోళిక నామాల బోర్డు ఆ పేరు తీసేసి మౌంట్ బ్లూ స్కై అని పెట్టింది. కొలరాడోకు ఇంకా రాష్ట్ర హోదా రాని రోజుల్లో, అంటే అధ్యక్షుడే వాషింగ్టన్ నుంచి గవర్నరును నియమించే టెరిటరీగా ఉన్న కాలంలో, జాన్ ఎవాన్స్ దానికి రెండవ గవర్నరుగా 1862 నుంచి 1865 దాకా పనిచేశారు. ఆయన హయాంలోనే, 1864 నవంబరు 29 తెల్లవారుజామున, శాండ్ క్రీక్ అనే వాగు ఒడ్డున గుడారాలు వేసుకుని ఉన్న షయాన్, అరాపహో అనే ఆదివాసీ తెగల మీద కర్నల్ చివింగ్టన్ నడిపిన అశ్వికదళం విరుచుకుపడి 150 మందికి పైగా చంపింది. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, వృద్ధులు. ఆ సమయంలో ఎవాన్స్ అక్కడ లేరు, అసలు కొలరాడోలోనే లేరు. అలాంటప్పుడు ఈ శిక్ష ఆయనకు న్యాయమేనా అన్నది నా ప్రశ్న. డెన్వర్ చుట్టుపక్కల మన సభ్యులు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

శేషాద్రి_ఆరోరా:
ఈ ప్రశ్న వేసినందుకు ధన్యవాదాలు. ఇక్కడ దీని గురించి గట్టిగా మాట్లాడాలంటేనే జనం జంకుతున్నారు. ముందు ఆ మనిషి ఎవరో తెలుసుకోండి. 1814లో ఒహాయోలో క్వేకర్లనే శాంతివాద క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టి, వైద్యం చదివి, ఇండియానాలో మానసిక రోగుల ఆసుపత్రి కోసం పోరాడి దానికి మొదటి సూపరింటెండెంటు అయ్యారు. షికాగోలో వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ, కలరా ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బని అది ఎవరూ ఒప్పుకోని రోజుల్లో వాదించారు. 1851లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవారిలో ఆయనే ముఖ్యుడు. అది ఉన్న ఊరికి ఎవాన్‌స్టన్ అని పేరు వచ్చింది ఆయన వల్లనే. బానిసత్వాన్ని వ్యతిరేకించి లింకన్ పక్షాన నిలిచారు. గవర్నరుగా వచ్చిన రెండేళ్లకే 1864 మార్చిలో, డెన్వర్ ఇంకా దుమ్ము కొట్టుకుపోయిన గని పట్టణంగా ఉండగానే, కొలరాడో సెమినరీకి అనుమతి తెచ్చారు. నేడు అది డెన్వర్ విశ్వవిద్యాలయం. నా చదువు అక్కడే సాగింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎవాన్స్ నవంబరు మధ్యలోనే తూర్పుకు బయలుదేరి వెళ్లిపోయారు. దాడికి ఆదేశం ఇచ్చింది చివింగ్టన్. ఆయన పై అధికారి జనరల్ కర్టిస్, కర్టిస్ పైన యుద్ధ శాఖ. ఈ వరుసలో గవర్నరుకు చోటే లేదు. మనిషి లేని చోట జరిగిన నేరానికి మనిషి పేరు చెరిపేయడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో ఎవరైనా చెప్పాలి.

వేపచెట్టు:
పర్వతానికి ఏ పేరైతేనేం, దాని ఎత్తు తగ్గదు కదా.

పాతకాగితం:
శేషాద్రి గారూ, మీరు చెప్పిన వరుసలో ఒక చోటు ఖాళీగా వదిలేశారు. ఆ రోజుల్లో టెరిటరీ గవర్నరుకు రెండు కుర్చీలు ఉండేవి. ఒకటి గవర్నరుది, రెండోది ఆదివాసీ వ్యవహారాల సూపరింటెండెంటుది. వలస వచ్చినవారి మేలు చూడడం మొదటి కుర్చీ పని అయితే, ఒప్పందాలు నిలబెట్టి తెగలను కాపాడడం రెండో కుర్చీ పని. ఎవాన్స్ రెండింటికీ జీతగాడే. కాబట్టి ఆయన ఆ ఊచకోత జరిగిన చోట ఉన్నారా లేరా అని అడగడానికి ముందు, రెండో కుర్చీలో కూర్చుని ఏం చేశారో అడగాలి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1851లో ఫోర్ట్ లారమీ దగ్గర కుదిరిన ఒప్పందం నార్త్ ప్లాట్ నది నుంచి ఆర్కన్సా నది దాకా ఉన్న భూమిని షయాన్, అరాపహోలదిగా ఒప్పుకుంది. డెన్వర్ ఉన్నది ఆ భూమిలోనే. 1858లో బంగారం దొరికిందన్న వార్త రాగానే వేలమంది వచ్చి పడ్డారు. 1861లో ఫోర్ట్ వైజ్ దగ్గర కొద్దిమంది పెద్దల చేత ఇంకో ఒప్పందం మీద గుర్తులు వేయించుకుని, ఆ భూమిని పదమూడో వంతు కన్నా తక్కువకు కుదించారు. తెగల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు, వేటకు వెళ్లడం మానలేదు. ఎవాన్స్ వచ్చేనాటికి పరిస్థితి ఇది. ఈ ముడిని ఆయన వేయలేదని నేనూ అంటాను. విప్పడానికి మాత్రం 1863 సెప్టెంబరులో ఒక్కసారి అరికారీ వాగు దగ్గర సభ పెట్టి, పెద్దలు రాలేదని వెనక్కి వచ్చి, ఆ తరువాత యుద్ధం వస్తోందని వాషింగ్టన్‌కు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు 1864 చూడండి. మే 16న కాన్సస్‌లో లీన్ బేర్ అనే షయాన్ పెద్ద, ముందటి ఏడాది వాషింగ్టన్ వెళ్లి లింకన్‌ను కలిసినప్పుడు ఇచ్చిన శాంతి పతకం ఛాతీ మీద పెట్టుకుని, మంచివాడని రాసి ఇచ్చిన కాగితం చేత్తో పట్టుకుని కొలరాడో సైనికులకు ఎదురు వెళితే, గుర్రం మీదనే కాల్చేశారు. ఆ తరువాతే ఎదురుదాడులు పెరిగాయి. జూన్ 27న ఎవాన్స్ ఒక ప్రకటన ఇచ్చి, స్నేహంగా ఉండదలచినవారు ఫలానా కోటల దగ్గరకు చేరుకోవాలన్నారు. ఆగస్టు 11న ఇంకో ప్రకటన ఇచ్చి, శత్రువులైన ఇండియన్లను (ఆదివాసులను అప్పట్లో అలా పిలిచేవారు) ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపడానికి, వాళ్ల ఆస్తిని పట్టుకుని తమ సొంతానికి ఉంచుకోవడానికి పౌరులందరికీ అధికారం ఇచ్చారు. శత్రువు ఎవరో, స్నేహితుడు ఎవరో గుర్తుపట్టే పని కూడా తుపాకీ పట్టుకున్నవాడికే వదిలేశారు. గవర్నరు సంతకంతో ఉన్న దోపిడీ లైసెన్సు అది. ఆ రెండు ప్రకటనలను కొలరాడో గవర్నరు పోలిస్ 2021లో రద్దు చేసేదాకా అవి కాగితం మీద అలాగే ఉన్నాయి.

శేషాద్రి_ఆరోరా:
పాతకాగితం గారు ఆ ప్రకటనలోని ఒక వాక్యాన్ని చెప్పకుండా దాటేశారు. నా పిలుపు విని కోటల దగ్గరకు చేరినవారి జోలికి ఎంత మాత్రం పోకుండా జాగ్రత్తపడాలని ఎవాన్స్ అందులో స్పష్టంగా రాశారు. శాండ్ క్రీక్‌లో చివింగ్టన్ చేసింది ఆ వాక్యానికి పూర్తి విరుద్ధం. మనుషులను చంపమని రాసినవాడు ఇలాంటి మినహాయింపు ఎందుకు పెడతాడు? దీనికి ముందు జవాబు చెప్పండి.

రెండో మాట. ఆ వేసవిలో డెన్వర్ ఎలా ఉందో ఊహించుకోండి. జూన్ 11న పట్టణానికి పాతిక ముప్పై మైళ్ల దూరంలో హంగేట్ అనే రైతు కూలీని, భార్యను, ఇద్దరు చిన్న ఆడపిల్లలను చంపేశారు. ఛిద్రమైన ఆ శవాలను బండిలో తెచ్చి డెన్వర్‌లో జనం చూసేలా పెట్టారు. ఆగస్టులో తూర్పు నుంచి ప్లాట్ నది వెంట వచ్చే దారి మీద బళ్లు ఆగిపోయాయి. తిండి గింజలు, ఉత్తరాలు రావడం ఆగిపోయింది. సైన్యమంతా దక్షిణాదితో అంతర్యుద్ధంలో ఉంది. అలాంటి పట్టణానికి గవర్నరుగా ఉన్నవాడు ఏం చేయాలి?

గట్టుమీద:
నేను చరిత్రకారుణ్ణి కాను, కానీ ప్రకటనల గురించి నాకు తెలుసు. మా ఊరు ఒక జలాశయం కింద మునిగిపోయింది. భూసేకరణ నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చిందట, ఆఫీసు గోడకు అంటించారట. అప్పుడు మా తాత అడవిలో అడ్డాకులు కోస్తున్నాడు, పైగా ఆయనకు చదువు రాదు. గడువు దాటాక వెళితే, అభ్యంతరం చెప్పలేదు కాబట్టి మీరు ఒప్పుకున్నట్టే అన్నారు. ఆ గోడ మీద కాగితాన్ని నేను చిన్నప్పుడు చూశాను. వానకు తడిసి, మేకలు కొరికి, సగం కూడా మిగలలేదు.

ఇప్పుడు చెప్పండి, వందల మైళ్ల మైదానంలో దున్నల మంద వెంట తిరిగే గుంపులకు జూన్ 27 నాటి కాగితం ఏ రోజుకు అందుతుంది? ఆగస్టు 11కి, అంటే ఆరు వారాలకే, గడువు అయిపోయిందని చంపే ప్రకటన ఇచ్చారు. మీరు చెబుతున్న మినహాయింపు వాక్యం కాగితం మీద ఎంత చక్కగా ఉంటే మాత్రం ఏం లాభం?

శేషాద్రి_ఆరోరా:
మీ కుటుంబానికి జరిగింది అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. అయితే మీ ఊరి గెజిట్‌ను సాక్ష్యంగా పెట్టి 1864 నాటి మనిషికి తీర్పు చెప్పలేం. పైగా ఆ ప్రకటన అందనే లేదన్నది తప్పు. షయాన్ పెద్ద బ్లాక్ కెటిల్‌కు అది అందింది. ఆగస్టు 29న ఆయన తరఫున ఫోర్ట్ లయన్ కోటకు ఉత్తరం రాశారు, శాంతికి సిద్ధమని, తమ దగ్గర ఉన్న బందీలను అప్పగిస్తామని. ఇది చరిత్రలో నమోదైన విషయం.

పాతకాగితం:
నమోదైన విషయమే. నేను అక్కడికే రావాలనుకుంటున్నాను. ఆ ఉత్తరం అందుకున్న మేజర్ విన్‌కూప్ కొద్దిపాటి సైన్యంతో స్మోకీ హిల్ నది ప్రాంతం దాకా వెళ్లి, ఒక అమ్మాయిని, ముగ్గురు పిల్లలను విడిపించుకుని, బ్లాక్ కెటిల్‌ను, వైట్ యాంటెలోప్‌ను, ఇంకొందరు పెద్దలను వెంటబెట్టుకుని డెన్వర్‌కు వచ్చాడు. సెప్టెంబరు 28న అక్కడి సైనిక శిబిరం క్యాంప్ వెల్డ్‌లో సభ జరిగింది. మాటలన్నీ అక్షరాలా రాసుకున్నారు. ఈ కొద్దిమంది సైనికుల వెంట కళ్లు మూసుకుని, నిప్పుల్లోంచి నడిచినట్టు వచ్చామని బ్లాక్ కెటిల్ అన్నాడు. గవర్నరు పిలుపు విని వచ్చినవాడు అంటే ఇతనే కదా. మీ మినహాయింపు వాక్యం ఎవరి కోసం రాశారో ఆ మనిషి స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

అతనికి సూపరింటెండెంటు ఎవాన్స్ ఏం చెప్పారు? ఒప్పందం చేసుకునే సమయం దాటిపోయిందని, యుద్ధం మొదలైంది కాబట్టి ఇక సైన్యంతో తేల్చుకోవాలని చెప్పారు. మరునాడే తన కింద పనిచేసే ఏజెంటు కోలీకి ఉత్తరం రాసి, నేను వాళ్ల మాట వినడానికే కూర్చున్నాను తప్ప ఏమీ ఇస్తానని చెప్పలేదు, ఈ సంగతి వాళ్లకు బాగా తెలిసేలా చేయమని హెచ్చరించారు. అదే రోజుల్లో జనరల్ కర్టిస్ నుంచి చివింగ్టన్‌కు తంతి వచ్చింది, ఇండియన్లు ఇంకా బాధపడేదాకా శాంతి వద్దని. ఒక చేయి తోసేస్తే ఇంకో చేయి పట్టుకుంది. పెద్దలు మాత్రం తమకు రక్షణ దొరికిందనుకుని ఫోర్ట్ లయన్ వైపు వెళ్లి, అక్కడి అధికారులు చెప్పిన చోట, శాండ్ క్రీక్ దగ్గర, గుడారాలు వేసుకున్నారు. దాడి రోజు బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా, దాని కింద తెల్ల జెండా ఎగరేశాడు.

బుజ్జిమాస్టారు:
విన్‌కూప్ చెప్పిన మూడో రెజిమెంటు సంగతి కూడా రాయండి.

పాతకాగితం:
రాస్తాను. ఆగస్టులో ఎవాన్స్ యుద్ధ శాఖను బతిమాలి, వంద రోజుల కోసం మూడో కొలరాడో రెజిమెంటును పుట్టించారు. టెక్సస్ నుంచి బ్రిటిష్ సరిహద్దు దాకా ఈ దేశం ఎన్నడూ చూడనంత పెద్ద ఇండియన్ యుద్ధం రాబోతోందన్నది ఆయన అప్పట్లో రాసిన మాట. ఆ తరువాత యుద్ధం రాలేదు, శాంతి కోరుతూ బ్లాక్ కెటిల్ వచ్చాడు. శాంతి చేసుకుంటే మూడో రెజిమెంటును నేనేం చేసుకోను, ఇండియన్లను చంపడానికే దాన్ని పెంచాం కదా అని గవర్నరు తనతో అన్నారని విన్‌కూప్ వాంగ్మూలం ఇచ్చాడు. నెత్తురు చూడని మూడో రెజిమెంటు అని జనం వెక్కిరిస్తుండగా, గడువు ముగిసే ముందు ఆ రెజిమెంటు చేసిన పనే శాండ్ క్రీక్.

శేషాద్రి_ఆరోరా:
సభ రాతప్రతిలో ఆ మాట లేదు. విన్‌కూప్ ఒక్కడే చెప్పాడు, అదీ ఊచకోత తరువాత, ఎవాన్స్ మీద కోపంతో ఉన్నప్పుడు. వాంగ్మూలాన్ని వాంగ్మూలంగా చూడాలి, శాసనంలాగా కాదు. ఎవాన్స్ ఊరు విడిచి వెళ్లింది నవంబరు మధ్యలో. చివింగ్టన్ తన పథకాన్ని ఆయనకు చెప్పాడనడానికి ఆధారం లేదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పండితులతో వేయించిన కమిటీ కూడా 2014లో ఇచ్చిన నివేదికలో, ఆయన దాడిని ముందుగా పథకం వేశాడనో ముందే తెలుసుకున్నాడనో చెప్పడానికి ఆధారం లేదనే తేల్చింది. మీరు దీన్ని ఎందుకు దాస్తున్నారు?

పాతకాగితం:
అదే నివేదిక, శాండ్ క్రీక్ సాధ్యం కావడానికి తగిన పరిస్థితిని కల్పించినవారిలో ఎవాన్స్ ఒకరని కూడా చెప్పింది. మీరు దాచినది అది. అదే ఏడాది మీరు చదివిన డెన్వర్ విశ్వవిద్యాలయం కమిటీ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆయన బాధ్యత చివింగ్టన్ బాధ్యతతో పోల్చదగినదని రాసింది. పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం చెప్పిన మాటలో మీకు నచ్చినంత మాత్రమే చదువుకుంటారా?

శేషాద్రి_ఆరోరా:
నా చదువు జోలికి రావద్దు. మీలాంటివారు ఆంధ్రాలో ఫ్యాన్ కింద కూర్చుని రెండు నివేదికలు దించుకుని, ఇక్కడ పాతికేళ్లుగా బతుకుతున్నవాళ్లకు ఈ నేల చరిత్ర చెబుతారు.

పాతకాగితం:
ఆ నేల మీద పాతికేళ్లు బతికినా, అక్కడ బతికిన ముందువాళ్లు ఎక్కడికి పోయారని అడగాలని మీకు తోచకపోతే, ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లే అడగాల్సి వస్తుంది మరి.

నిర్వాహకులు:
ఇద్దరూ పెద్దవారు. వ్యక్తిగత వ్యాఖ్యలు ఇక్కడితో ఆపి, ఎవాన్స్ గురించి మాత్రమే రాయండి. ఇంకోసారి అయితే చర్చను మూసేయాల్సి ఉంటుంది.

వేపచెట్టు:
పేరు మార్చాలని అడిగింది ఎవరో ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు.

నీలివాగు:
నేను చెబుతాను. బ్లూ స్కై పేరును ప్రతిపాదించింది ఓక్లహోమాలో ఉన్న షయాన్, అరాపహో తెగలవారు. అరాపహోలను నీలాకాశపు మనుషులు అంటారు, షయాన్లకు ఆ పేరుతో ఒక క్రతువు ఉంది. ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. మోంటానాలో ఉన్న ఉత్తర షయాన్లు, ఆ క్రతువు పవిత్రమైనది కాబట్టి దాన్ని పర్వతానికి పెట్టకూడదన్నారు. అందుకే 2023 మార్చిలో జరగాల్సిన ఓటు వాయిదా పడింది. ఎవాన్స్ పేరు పోవాలా అన్న దాని మీద కన్నా, ఆ చోట ఏ పేరు రావాలన్న దాని మీదే అసలైన వాళ్ల మధ్య వాదన జరిగిందన్నమాట. మనం ఇక్కడ ఎవాన్స్ ప్రయాణ తేదీల దగ్గరే ఆగిపోయాం.

ఇంకో మాట. ఎవాన్స్ పేరు మీద తీర్పు 2023లో మొదలైందనుకోవడం పొరపాటు. 1865లోనే అంతర్యుద్ధ నిర్వహణపై ఏర్పడిన సంయుక్త కాంగ్రెస్ కమిటీ ఆయన్ను ప్రశ్నించి, తమ నాలుగేళ్ల విచారణల్లో ఇంత డొంకతిరుగుడుగా మాట్లాడిన సాక్షిని చూడలేదని రాసింది. అధ్యక్షుడు జాన్సన్ రాజీనామా అడిగాడు, ఆ వేసవిలో ఆయన దిగిపోయారు. ఆయన కాలపు మనుషులే, ఆయన పార్టీవారు ఎక్కువగా ఉన్న కమిటీయే, ఆయన్ను తప్పుపట్టింది.

శేషాద్రి_ఆరోరా:
ఆ కమిటీ కొలరాడోకు రాకుండా, కొలరాడో వారి మాట సరిగా వినకుండా తీర్పు చెప్పిందని ఎవాన్స్ 1865 ఆగస్టులో బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ ఎవరూ చదవరు. రాజీనామా తరువాత ఆయన పారిపోలేదు. ఇక్కడే ఉండి, ఖండాన్ని దాటే ట్రాన్స్‌కాంటినెంటల్ రైలు డెన్వర్‌ను వదిలేసి ఉత్తరాన వ్యోమింగ్ మీదుగా పోతే, సొంత పట్టుదలతో డెన్వర్ పసిఫిక్ రైలు దారి వేయించి 1870 జూన్‌లో ఊరికి రైలు తెచ్చారు. ఆ రైలు లేకపోతే డెన్వర్ ఇంకో పాడుబడిన గని పట్టణం అయ్యేది. దీన్నంతా మీరు ఒక్క తేదీ కింద తొక్కేస్తున్నారు.

పాతకాగితం:
నేను తొక్కేయడం లేదు, రెండూ ఒకటేనంటున్నాను. ఇంతసేపూ మనం వాదించుకోవాల్సింది ఇదే. 1862 నాటి పసిఫిక్ రైల్వే చట్టంలో యూనియన్ పసిఫిక్ కంపెనీకి నియమించిన కమిషనర్ల జాబితాలో ఎవాన్స్ పేరు ఉంది. రైలు రావాలంటే దారి పొడవునా భూమి హక్కు తేలాలి. భూమి హక్కు తేలాలంటే అక్కడ ఉన్నవాళ్లు కదలాలి. రాష్ట్ర హోదా వస్తే ఆయనకు సెనేట్ పదవి. 1864 సెప్టెంబరులో రాష్ట్ర రాజ్యాంగం మీద ఓటు జరిగితే, ఎవాన్స్ సెనేట్ కోసం, చివింగ్టన్ కాంగ్రెస్ కోసం ఒకే వర్గం తరఫున రంగంలోకి దిగారు. ఓటర్లు కాదన్నారు. 1865లో ఇంకోసారి ప్రయత్నించి సెనేటరుగా ఎన్నికయ్యారు కానీ, జాన్సన్ రాష్ట్ర హోదాకు వీటో పెట్టడంతో కుర్చీ ఎక్కలేకపోయారు. 1870లో ఆయన రైలు బయలుదేరిన ఊరి పేరు షయాన్. మనుషులను తరిమేసిన తరువాత ఊరికి వాళ్ల పేరు పెట్టుకున్నారు.

విశ్వవిద్యాలయం, రైలు ఒక పద్దులో, శాండ్ క్రీక్ ఇంకో పద్దులో రాసి, చివర తీసివేత చేయడం కుదరదు. ఆ రైలుకూ ఆ బడికీ నేల ఖాళీ అయింది శాండ్ క్రీక్ వల్లనే. ఇది నేను అంటున్న మాట కాదు. 1884లో చరిత్రకారుడు బాంక్రాఫ్ట్‌తో మాట్లాడుతూ, ఊచకోత అని వాళ్లు పిలిచే ఆ పని వల్ల కొలరాడోకు చాలా మేలు జరిగిందని, మైదానాలు ఇండియన్ల నుంచి ఖాళీ అయ్యాయని ఎవాన్స్ తానే అన్నారు. అప్పటికి ఇరవై ఏళ్లు గడిచాయి, ఆవేశంలో అన్న మాట కాదు.

శేషాద్రి_ఆరోరా:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. మీకు ఎవాన్స్ మీద కాదు అభ్యంతరం, డెన్వర్ అనే ఊరు ఉండడం మీదే. ఆ లెక్కన ఆరోరాలో నా ఇల్లూ 1851 ఒప్పందపు భూమిలోనే ఉంది. నేను అప్పు చేసి చదువుకుని, వీసా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, ముప్పై ఏళ్ల వాయిదాల మీద ఆ ఇల్లు కొన్నాను. ఎవరినీ తరమలేదు. ఈ పేరు మార్పు గురించి మా ఆఫీసులో ఒకసారి నోరు విప్పితే, నిన్న మొన్న వచ్చినవాడివి, ఇది నీ చరిత్ర కాదు అని ఒకాయన నవ్వాడు. నిందలో వాటా పంచేటప్పుడు మాత్రం నేనూ ఇక్కడివాణ్ణి అయిపోతాను. ఎవాన్స్‌కు మీరు పెట్టే కొలబద్దను ఎక్కడ ఆపుతారో చెప్పండి. పర్వతం దగ్గర ఆపుతారా? విశ్వవిద్యాలయం పక్కనుంచి వెళ్లే ఎవాన్స్ అవెన్యూ దగ్గరా? నా గుమ్మం దగ్గరా?

గట్టుమీద:
శేషాద్రి గారూ, మీ ఇల్లు ఎవరూ అడగడం లేదు. మా ఊరి నీళ్లు తాగే పట్నంవాళ్లను మేమూ దొంగలు అనలేదు. ఆ జలాశయం గట్టు మీద సంతకం పెట్టిన అధికారి పేరు శిలాఫలకం మీద ఉంది. వెళ్లినప్పుడల్లా ఆ పేరు చదవాల్సి రావడం ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. ఇల్లు వేరు, పేరు వేరు.

పాతకాగితం:
గట్టుమీద గారు నాకన్నా మెత్తగా చెప్పారు. నేను అంత మెత్తగా చెప్పను. శేషాద్రి గారి గుమ్మం దగ్గర కూడా ఆ ప్రశ్న ఆగుతుంది, ఆగాలి కూడా. ఇల్లు ఖాళీ చేయమని కాదు. అది ఎవరి నేలో తెలిసి ఉండాలని. 1865 అక్టోబరులో లిటిల్ ఆర్కన్సా ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం శాండ్ క్రీక్‌ను తప్పుపట్టి, నష్టపరిహారం ఇస్తానని రాసి సంతకం చేసింది. మూడేళ్లకు, 1868 నవంబరులో, అమెరికా సైనికాధికారి కస్టర్ నడిపిన దళం వాషిటా నది దగ్గర బ్లాక్ కెటిల్‌ను చంపింది. ఒప్పందం చేసుకునే సమయం దాటిపోయిందన్న ఎవాన్స్ మాట అబద్ధమని ఆ 1865 కాగితమే చెబుతుంది. క్యాంప్ వెల్డ్ తరువాత ఏడాదికే ఒప్పందం కుదిరింది కదా, మధ్యలో అంతమంది చచ్చాక. ఆయన కావాలనుకుంటే సెప్టెంబరు 28నే కుదిరేది.

శేషాద్రి_ఆరోరా:
కుదిరేదని మీరు అంటున్నారు. కర్టిస్ తంతి చేతిలో ఉండగా సైన్యం ఒప్పుకునేది కాదని నేను అంటాను. గవర్నరు సంతకం పెడితే చివింగ్టన్ దాన్ని చింపేసి వెళ్లేవాడు.

పాతకాగితం:
అయితే చింపింది చివింగ్టన్ అయ్యేవాడు. ఎవాన్స్ చేతిలో ఉన్నది ఆ ఒక్క పనే, అది ఆయన చేయలేదు. అదే చివింగ్టన్ కింద, ఫోర్ట్ లయన్ దళంలో పనిచేసిన కెప్టెన్ సైలస్ సోల్ దాడి రోజు తన మనుషులను కాల్చవద్దన్నాడు. జరిగింది పై అధికారులకు రాశాడు, విచారణలో సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్‌లో డెన్వర్ వీధిలో అతన్ని కాల్చి చంపారు. ఇరవై ఆరేళ్ల కెప్టెన్ చేయగలిగిన పనిని గవర్నరు చేయలేకపోయాడని నేను నమ్మను. నవంబరు 29న ఎక్కడున్నాడని అడగడం మానేయండి. 1865 నుంచి 1897లో చనిపోయేదాకా ముప్పై రెండేళ్లలో ఆ పని తప్పని ఆయన ఒక్క వాక్యం రాశాడేమో చూపించండి. చూపిస్తే ఆ పర్వతానికి ఆయన పేరే ఉండాలని నేనే రాస్తాను.

మైలురాయి:
ప్రశ్న వేసినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. శేషాద్రి గారూ, 1865 ఆగస్టు లేఖలో అలాంటి వాక్యం ఉందా?

శేషాద్రి_ఆరోరా:
ఆ లేఖలో ఆయన తన మీద వచ్చిన ఆరోపణలకు జవాబు చెప్పుకున్నారు. దాడి మంచి చెడ్డల మీద తీర్పు చెప్పడం తన పని కాదన్నట్టు రాశారు. దాన్ని మీరు మౌనం అంటారు, విచారణ నడుస్తున్నప్పుడు అధికారి నోరు జారకుండా ఉండడం అని నేను అంటాను. 1884లో అన్న మాటను మాత్రం నేను సమర్థించను. ఆగస్టు 11 ప్రకటనలోని మినహాయింపు వాక్యం మీద ఇక్కడ ఇంతవరకూ నాకు సరైన జవాబు రాలేదు.

పాతకాగితం:
జవాబు క్యాంప్ వెల్డ్‌లో ఆయన ఎదురుగా కూర్చుంది, శేషాద్రి గారూ. ఆయనే దాన్ని సైన్యం దగ్గరకు పంపేశారు.